కొలతాడు ముందుగా ఎవరి చేనిపై పడవలెను?



తంగళ్ళపల్లి రచ్చకట్టపై కూర్చున్నను, మరే ఊరి చావడిలో కూర్చున్నను ఒక మాట వినబడుచుండును: "రైతుబిడ్డ నాయకుడైతే మన కష్టం తెలుస్తుంది." నిజమే. కాని తెలియుట వేరు, తెలిసినదానికి కట్టుబడుట వేరు. ఈ తేడా గ్రహించుటకు మన పాత కరీంనగరం జిల్లాకు చెందిన కీ. శే. పి. వి. నరసింహారావుగారి జీవితమును చూడుడు.

ఆయన 1921లో లక్నేపల్లిలో జన్మించి వంగరలో పెరిగిరి. వారిది చాల భూమిగల సేద్యపు కుటుంబము. 1957 మొదలు 1972 వరకు వరుసగా నాలుగు ఎన్నికలలో మంథని ప్రజలు ఆయనను శాసనసభకు పంపిరి. 1971 సెప్టెంబరులో ముఖ్యమంత్రియైన పిదప ఆయన చేపట్టిన పెద్ద పని భూపరిమితి. ఐదుగురికి మించని కుటుంబమునకు, నేల తరగతినిబట్టి, తరి అయినచో 10 నుండి 27 ఎకరాలు, ఖుష్కీ అయినచో 35 నుండి 54 ఎకరాలు. ఈ కొలతాడు ఆయన సొంత కమతమునకును వర్తించునదే. ఇరుగుపొరుగువాని గెట్టు కొలుచుట అందరికిని సులభము. తన గెట్టు కొలిపించుకొనుట కష్టము.

1973 జనవరిలో ఆయన పదవి పోయినది. ముల్కీ వివాదము, జై ఆంధ్ర ఉద్యమము పైకి కనిపించిన కారణములు. భూమి పోవునన్న పెద్ద కమతదారుల కోపము కూడ అందులో కలిసినదని నా అభిప్రాయము. చట్టము 1973లో వచ్చినను, అమలు 1975 జనవరి 1 నుండి మాత్రమే. ఆ చట్టమును గూర్చి మాటలు సాగిన ఏండ్లలో కాగితములపై పంపకములు, బినామీ వ్రాతలు పలుచోట్ల జరిగినవి. అదను దాటిన విత్తనము మంచిదైనను పంట తగ్గును గదా!

గ్రామాధికారులకు ఒక మనవి. చట్టము హైదరాబాదులో పుట్టును గాని, బ్రతుకుట మీరు వ్రాయు భూమి లెక్కలోనే. అక్కడ ఒక పేరు తప్పిన, శాసనసభలో ఎంత చర్చ జరిగినను పేదవానికి సెంటు భూమి దక్కదు.

ఆయన 1991 నుండి 1996 వరకు దేశ ప్రధానిగా ఉండిరి. 2024లో ఆయనకు మరణానంతరము భారతరత్న లభించినది. ఆ గౌరవములు మన జిల్లాకు గర్వకారణమే. కాని రైతు నేర్చుకొనవలసిన పాఠము భూపరిమితిలోనే ఉన్నది.

కావున సోదరులారా, ఓటడుగ వచ్చినవారిని "మీరు రైతుబిడ్డలేనా?" అని అడిగి ఊరకుండవద్దు. "మా చేనికి పెట్టు కొలత మీ చేనికిని పెట్టుదురా?" అని అడుగుడు.