ఆధారమునకు ఆధారమేది?

అడుగున ఆధారము చూపినంతమాత్రమున వాక్యము సత్యము కానేరదు. 2008లో ఒక అమెరికన్ విద్యార్థి, ఇంగ్లీషు వికీపీడియాలో 'కోఆటీ' అను జంతువునకు 'బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్' అను పేరును పరిహాసమునకై కల్పించి చేర్చెను. కొన్ని బ్రిటిష్ పత్రికలు దానిని నమ్మి వాడినవి. పిదప అట్టి పత్రికావార్తయే ఆ పేరునకు ఆధారముగా వ్యాసమునకెక్కినది. నీడయే రూపమునకు సాక్షి యైనది! 2014లో గాని గుట్టు బయటపడలేదు.

ఎవరైనను వ్రాయగల, ఎవరును సరిచూడని రచనలను ఆధారముగా చూపినచోట సందేహచిహ్నము నుంచుట వికీపీడియా సంపాదకుల ఆచారము. అది రచయితకు అవమానము కాదు, పాఠకునికి హెచ్చరిక. అయితే గుర్తుతోనే పని తీరదు. మేలైన ఆధారమును వెదకవలెను. లభింపనిచో వాక్యమును తొలగింపవలెను. "అచ్చట వ్రాసియున్నది" అను విద్యార్థిని, "వ్రాసినదెవరు? సరిచూచినదెవరు?" అని ఉపాధ్యాయుడు తప్పక అడుగవలెను.