చార్జింగ్ పాయింటు ఎవరి గడప వరకు?

ఆస్పరి మండలం కైరుప్పల అనగానే ఉగాది వేళ జరిగే పిడకల సమరం గుర్తుకొస్తుంది. ఆ పిడకే ఒకప్పుడు ఇంటింటి పొయ్యికి ఇంధనం. పెరట్లోనే తయారయ్యేది, ఎవరి దగ్గరా కొనే పని లేదు. నేడు పత్తి ఆదోని మార్కెట్‌కు చేరాలన్నా, కూలీలు చేనుకు వెళ్లాలన్నా డీజిలో పెట్రోలో ఉండాల్సిందే. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా విదేశాల నుంచే వస్తోంది. పశ్చిమాసియాలో యుద్ధ వార్త వస్తే ఇక్కడి ఆటో డ్రైవరుకూ గుబులే.

అందుకే విద్యుత్ వాహనాలను, ఇంట్లోనే వాటిని చార్జింగ్ చేసుకోవడాన్ని ప్రభుత్వం ప్రోత్సహిస్తోంది. ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే చార్జింగ్ పెట్టుకోవచ్చని, చార్జింగ్ కేంద్రం నడపడానికి విద్యుత్ లైసెన్సు అవసరం లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే స్పష్టం చేసింది. లాభమూ కనిపిస్తూనే ఉంది. నూరు కిలోమీటర్లకు పెట్రోలు స్కూటరు సుమారు రెండు లీటర్లు తాగితే, విద్యుత్ స్కూటరుకు మూడు నాలుగు యూనిట్లు చాలు.

అయితే ఈ మేలు అందరి గడప తొక్కడం లేదు. సొంత ఇల్లు, బండి నిలిపే చోటు, మంచి వైరింగు ఉన్నవారికే ఇది సులువు. కారు చార్జరుకు సుమారు 3 కిలోవాట్ల లోడు కావాలి. వాడలోని ఒంటిగది ఇంటి కనెక్షన్ అంత మోయలేదు. బండిని గదిలోనే పెట్టుకుంటే ప్రాణాపాయం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒకరు మరణించారు. అద్దె ఇంట్లో ఉండే ఆటో డ్రైవరు ప్లగ్ పాయింటు కోసం యజమానిని బతిమాలుకోవాలి.

మరో చిక్కు ఉంది. దేశంలో తయారయ్యే కరెంటులో దాదాపు మూడొంతులు ఇప్పటికీ బొగ్గుదే. రాత్రంతా ఇంట్లో చార్జింగ్ పెడితే చమురు తగ్గుతుంది గాని, బొగ్గు పొగ అంతగా తగ్గదు. కరువు నేలగా పేరుపడ్డ మన ప్రాంతానికి దేవుడు ఎండను, గాలిని మాత్రం సమృద్ధిగా ఇచ్చాడు. ఆస్పరి వైపు గాలిమరలు తిరుగుతున్నాయి. ఓర్వకల్లు, గడివేముల ప్రాంతంలో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి పనిచేస్తోంది. పగటి ఎండతో పగలే చార్జింగ్ చేసుకోవడం మేలైన దారి.

ఇక్కడే సంఘాలు ఆలోచించాలి. పొద్దున కూలీలను దించిన ఆటో సాయంత్రం వరకు ఖాళీగానే ఉంటుంది. ఆదివారం తప్ప మన మందిరాల ఆవరణలూ చాలావరకు ఖాళీయే. మందిరం కప్పు మీద 3 కిలోవాట్ల సోలార్ పలకలు పెడితే రోజుకు దాదాపు 12 యూనిట్లు వస్తాయి. ఒక ఆటోకు, ఒకటి రెండు స్కూటర్లకు అవి సరిపోతాయి. ఊరంతటికీ చాలవు నిజమే. కాని ఇంట్లో చోటు లేనివారికి అది మొదటి చోటవుతుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 78,000 రూపాయల వరకు వచ్చే రాయితీ ఇళ్లకే గాని మందిరాలకు కాదు. కాబట్టి ఖర్చు సంఘమే సమకూర్చుకోవాలి. పని మొదలుపెట్టక ముందే విద్యుత్ కార్యాలయంలో లోడు గురించి మాట్లాడాలి. ఎర్తింగు సరిగా ఉండాలి, చార్జింగ్ ఆరుబయట నీడలో జరగాలి. పక్క వీధిలోని అన్యసోదరుడి ఆటోకూ అక్కడ చోటుండాలి.

పొలం అంచులను పూర్తిగా కోయక బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలని లేవీయకాండము 19వ అధ్యాయం బోధిస్తుంది. నేడు మన సంఘాల చేతిలో ఉన్న పొలం అంచు మందిరపు కప్పు, దాని ఆవరణ. వచ్చే సంఘ కమిటీ సమావేశంలో పెద్దలు, యౌవనస్థులు కలిసి దీనిని ప్రార్థనాపూర్వకంగా చర్చించాలని మనవి.