పొమ్మనలేక పొగబెడితే...

బోగోలు కుర్రాడు ఒకడు రొయ్యల కంపెనీలో ఏడేళ్లుగా పనిచేస్తున్నాడనుకుందాం. ‘రేపటి నుంచి రావద్దు’ అని మేనేజరు ఎప్పుడూ అనడు. కానీ జీతం రెండు నెలలు ఆపుతాడు. అన్నీ రాత్రి షిఫ్టులే వేస్తాడు. నలుగురిలో తిడతాడు. చివరికి తెల్లకాగితం ముందు పెట్టి ‘నా ఇష్టపూర్వకంగా మానేస్తున్నాను’ అని రాయమంటాడు. ఆ కుర్రాడు మానేసినట్టా, తీసేసినట్టా?

పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. బ్రిటన్‌లో దీన్ని ‘కన్‌స్ట్రక్టివ్ డిస్మిసల్’ అంటారు. యజమాని తీరు భరించలేక మానేస్తే దాన్ని తొలగింపుగానే చూడాలని అక్కడి 1996 నాటి చట్టం చెబుతోంది. మన చట్టాల్లో ఈ పేరు కనిపించదు. అయినా, బలవంతంగా రాయించుకున్న రాజీనామా చెల్లదని వాదించవచ్చు. బలవంతం జరిగిందని నిరూపించాల్సింది మాత్రం ఉద్యోగే.

ఆ వాదన ఎక్కడ వినిపించాలన్నదే అసలు చిక్కు. కావలిలో సివిల్ కోర్టు దగ్గరే కదా అని చాలామంది అటు చూస్తారు. అక్కడ అడిగే సొమ్మును బట్టి కోర్టు ఫీజు కట్టాలి. గెలిచినా చేతికొచ్చేది నష్టపరిహారమే. ఇష్టంలేని ప్రైవేటు యజమాని దగ్గర ఉద్యోగిని మళ్లీ పనిలో పెట్టమని సివిల్ కోర్టు సాధారణంగా ఆదేశించదు. పైగా, కార్మిక చట్టం వల్ల మాత్రమే వచ్చిన హక్కయితే ఆ చట్టం చూపిన దారిలోనే వెళ్లాలని సుప్రీంకోర్టు 1975లోనే ప్రీమియర్ ఆటోమొబైల్స్ కేసులో తేల్చింది.

కార్మిక న్యాయస్థానం తీరు వేరు. తొలగింపు అన్యాయమని తేలితే ఉద్యోగం తిరిగి ఇప్పించగలదు, పాత జీతమూ ఇప్పించగలదు. ఒకప్పుడు ప్రభుత్వం పంపితేనే కేసు అక్కడికి చేరేది. ఉద్యోగం పోయిన కార్మికుడు నేరుగా వెళ్లేలా మన రాష్ట్రం 1987లోనే చట్టాన్ని సవరించుకుంది. కేంద్రం ఆ పని 2010లో చేసింది. 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ముందు కార్మికశాఖ రాజీ అధికారికి దరఖాస్తు ఇవ్వాలి. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఉద్యోగం పోయిన రెండేళ్లలోపే వెళ్లాలి. పాత చట్టంలో ఈ గడువు మూడేళ్లు.

అయితే ఈ దారి అందరికీ లేదు. మేనేజర్లు, నెలకు రూ.18,000 మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్లు కోడ్ లెక్కలో కార్మికులు కారు. వాళ్లకు మిగిలేది ఎక్కువగా సివిల్ కోర్టే. దుకాణంలో పనిచేసేవారికి 1988 నాటి రాష్ట్ర దుకాణాల చట్టం కింద అప్పీలు చేసుకునే వీలుంది. బిట్రగుంట రైల్వే ఉద్యోగి సర్వీసు వివాదాలను వినేది కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్. ఒకే వీధిలో నలుగురుంటే నలుగురిదీ నాలుగు దారులు కావచ్చు.

ఎక్కడికి వెళ్లినా సాక్ష్యమే బలం. ఫోన్‌లో వచ్చిన బెదిరింపు సందేశాలు, జీతం స్లిప్పులు, హాజరు వివరాలు దాచుకోవాలి. సంతకం పెట్టించుకుంటే ఆలస్యం చేయకుండా, ‘బలవంతంగా రాయించారు, రాజీనామా వెనక్కి తీసుకుంటున్నాను’ అని స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాలి. రాజీనామా ఆమోదం పొందకముందే అది చేరితే మరీ మంచిది. ఆర్నెల్లు ఊరుకుని అప్పుడు బలవంతమంటే నమ్మించడం కష్టం.

వకీలుకిచ్చే స్తోమత లేదని వెనకడుగు వేయనక్కర్లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ను ఇస్తుంది. కేసు వేసేముందు అక్కడ అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: చట్టం దృష్టిలో నేను కార్మికుణ్నేనా? దారి తప్పి తిరిగొచ్చేసరికి రెండేళ్ల గడువు దాటిపోవచ్చు.