చేపవిత్తనము – తల్లిచేపల మేత

ఈ యేడు చెరువులో నెన్ని లక్షల పిల్లలను వదలితిరని యడిగినచో మన చేపల రైతులు తడుముకొనక చెప్పగలరు. ఆ పిల్లలను గన్న తల్లిచేప తొలకరికి మూడు నెలలముందు ఏమి తిన్నదని యడిగినచో వారియొద్ద జవాబుండదు; అమ్మినవారియొద్దను తరచుగ నుండదు. ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యమని మేము తలచుచున్నాము.

పూర్వము చేపపిల్లలకు నదుల వరదలే దిక్కు. 1957వ సంవత్సరము జూలై 10వ తేదీన ఒడిషాలో డాక్టరు హీరాలాల్ చౌధురి, డాక్టరు కె. హెచ్. అలికున్హిగార్లు పిట్యూటరీ గ్రంథిరసమును సూదిద్వారా నెక్కించి పెంపకపు చేపలచే గ్రుడ్లు పెట్టించిరి. నేడు కొల్లేటి చుట్టుపట్ల నున్న హేచరీలన్నియు నా విజయముయొక్క సంతానమే. అయితే సూదిమందు గ్రుడ్డును విడిపించునేగాని, గ్రుడ్డులో లేనిదానిని కల్పింపజాలదు.

ఇందలి మర్మము సులభమైనదే. గ్రుడ్డులోని సొన తల్లి కాలేయములో తయారై, రక్తముద్వారా అండాశయమునకు చేరును. బొచ్చె, శీలావతి గ్రుడ్లు ఒక దినములోపలనే పొదుగబడును. అటుపిమ్మట సుమారు మూడు దినములు పిల్లకు బయటి ఆహారము లేదు. తల్లి కట్టియిచ్చిన సద్దిమూటయే దానికి జీవనాధారము. కంటికిని మెదడునకును వలయు డీహెచ్ఏ యను కొవ్వు ఆమ్లము, ఆ కొవ్వు చెడకుండ కాపాడు ఇ విటమిను, సి విటమిను, భాస్వరము మున్నగునవి యా మూటలో కొరవడినచో గ్రుడ్లు పొదుగబడవు, పొదిగినను పిల్లలు వంకరలు తిరిగి చచ్చును. జపానుదేశమున వటనబే మున్నగు శాస్త్రజ్ఞులు 1980 దశకములో ఎఱ్ఱ సముద్రపు బ్రీమ్ చేపలపై చేసిన పరిశోధనలు దీనినే ఋజువుచేసినవి. ఎక్కువైనను ముప్పే: మరియొక జాతి బ్రీమ్ చేపలకు ఇట్టి కొవ్వు ఆమ్లములను మితిమించి పెట్టగా గ్రుడ్ల సంఖ్య తగ్గి, పిల్లల సొనతిత్తులు ఉబ్బినవి. కావున నూనె గుమ్మరించుట పోషణము కాదు.

అవి ఉప్పునీటి చేపలు, మనవి మంచినీటివి కదా యని కొందరనవచ్చును. నిజమే. మన చేపలు శాకతైలములలోని కొన్ని ఆమ్లములనుండి డీహెచ్ఏను కొంతవరకు స్వయముగ తయారుచేసికొనగలవు. కాని ముడిసరకన్నది ఉండవలెను గదా! మన చెరువులలో గెడలకు వ్రేలాడు చిల్లుల సంచులలో నుండునదేమి? రైతులు డీఓబీ యని పిలుచు నూనె తీసిన తవుడు. తవుటినూనె మన వంటయిండ్లకు పోవుచున్నది. దానితోకూడ ఇ విటమినును పోవుచున్నది. మిగిలిన పిప్పి చేపకు దక్కుచున్నది. తినుటకు పెంచు చేపకు ఇది చెల్లునేమో. తల్లిచేపకును ఇదియే పెట్టి, కిలో బరువునకు రమారమి రెండు లక్షల గ్రుడ్లు రాబట్టి సంతోషించుట లెక్కల గారడియే.

హేచరీ యజమానులను నిందించి లాభము లేదు. విత్తనము లక్షల లెక్కన అమ్ముడుపోవునప్పుడు మంచిమేతకు డబ్బు పెట్టినవానికి ప్రతిఫలమేది? వాని పిల్లయు పొరుగువాని పిల్లయు సంచిలో ఒక్కతీరుననే కనబడును. నష్టము నెలలపిదప రైతు పట్టుబడిలో తేలును. అప్పుడు నీటిని, వాతావరణమును, దైవమును తిట్టుకొనుటయే మిగులును. తెలంగాణ ప్రభుత్వము 2016లో ఆరంభించిన ఉచిత చేపపిల్లల పంపిణీలోను పిల్లల లెక్కకును, మిల్లీమీటర్ల పొడవునకును టెండర్లు పిలిచిరి. పొడవును కొలుచుటకు బద్ద చాలును. తల్లి పోషణమును బద్ద కొలువదు.

ఆంధ్రప్రదేశమున విత్తన నాణ్యతకు 2006లో చట్టము చేసిరి; మేత నాణ్యతకు 2020లో మరియొకటి చేసిరి. భువనేశ్వరములోని మంచినీటి చేపల పరిశోధనా సంస్థ తల్లిచేపలకై సీఫాబ్రూడ్ అను ప్రత్యేకమైన మేతను రూపొందించియున్నది. అనగా శాస్త్రమునకు లోటులేదు, శాసనమునకును లోటులేదు. తనిఖీకి సమయమే తప్పుచున్నది. జూన్ నెలలో సూది వేయునాడు హేచరీకి పోయిన అధికారికి చూచుటకేమియు మిగులదు. సొన అప్పటికే కట్టుబడియుండును. మాఘ ఫాల్గుణములలో తల్లిచేపల చెరువుగట్టున నిలిచి మేతబస్తా విప్పించి చూడవలెను. ప్రభుత్వమే కొనుగోలుదారైనచోట ఆ మేత లెక్కల పుస్తకము చూపనివారి టెండరును త్రోసిపుచ్చవలెను. రైతులు సంఘముగనేర్పడి, బయానా యిచ్చుటకు ముందే యా పుస్తకమును అడిగి చూచుట మంచిది. ఒక రూపాయి హెచ్చు ధర అడిగినను, పుస్తకమున్నవానికే యిచ్చుట మేలు.