చివరి పుటలో పేరు వేస్తే చాలదు

ఈమధ్య ఉత్తమ సిద్ధాంత గ్రంథంగా పురస్కారం అందుకున్న ఒక పుస్తకంలోని మూడో అధ్యాయాన్ని మా పాఠకులు చాలామంది ఇదివరకే చదివారు. ఒగ్గు కథ మీద మా పత్రికలో ధారావాహికగా వచ్చిన వ్యాసాలే అవి. రాసినాయన రిటైరైన తెలుగు పండితుడు. బీరప్ప కథలు, మల్లన్న పట్నాలు జరిగే ఊళ్లకు సొంత ఖర్చుతో వెళ్లి, రాత్రంతా డోలు చప్పుడు మధ్య కథ విని, తెల్లారాక ఒగ్గు పూజారుల పక్కన కూర్చుని ఒక్కో ఘట్టం మళ్లీ చెప్పించుకుని రాసుకున్న మనిషి. ఆయన ఇప్పుడు లేరు. అందుకే ఆ అధ్యాయంలో ఆయన పేరు ఎందుకు లేదన్న మాట మేం అడగాల్సి వచ్చింది.

"గత సంచికలో చెప్పుకున్నట్లు" అని ఆయన మొదలుపెట్టిన పేరా ఒకటి ఆ గ్రంథంలో ఉన్నదున్నట్లుగా ఉంది. ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ప్రచురణకర్తలకు ఉత్తరం రాస్తే, "మీ పత్రిక పేరు ఉపయుక్త గ్రంథసూచిలో ఇచ్చాం కదా" అని జవాబొచ్చింది. ఇచ్చారు, నిజమే. అక్షరక్రమంలో ఎక్కడో మధ్యన పత్రిక పేరు, సంవత్సరం ఉన్నాయి. వ్యాసం పేరు లేదు, వ్యాసకర్త పేరు లేదు, నెల లేదు, పుట లేదు. ఆ జవాబులో దబాయింపు లేదు, నిజాయితీగా నమ్మి రాసిన మాటలాగే ఉంది. మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది అదే. వాడుకున్న పుస్తకాల పేర్లు చివర వరసగా పేరిస్తే అప్పు తీరిపోయినట్టేనని మన తెలుగు శాఖల్లో ఒక తరం నేర్చుకుంది. నేర్పినవాళ్లూ ఉన్నారు.

గ్రంథసూచి చెప్పేది ఏయే పుస్తకాలు చూశామన్నది మాత్రమే. ఏ మాట ఎవరిదన్నది చెప్పాల్సింది ఆ మాట వాడిన చోటే. వాక్యంలోనే "ఫలానా వారు ఫలానా వ్యాసంలో ఇలా గమనించారు" అనాలి. యథాతథంగా తీసుకుంటే కొటేషన్ గుర్తులు పెట్టాలి. సొంత మాటల్లో చెప్పినా ఆలోచన వారిదేనని ఒప్పుకోవాలి. పాదసూచికలో సంచిక, నెల, పుట ఇవ్వాలి. ఆ తర్వాత దాని మీద మనమేం అంటున్నామో వేరుగా, స్పష్టంగా చెప్పాలి. ఎదుటివారి మాట ఎక్కడ ఆగిందో, మన మాట ఎక్కడ మొదలైందో చదివేవాడికి తెలియని రచనను పరిశోధన అనడానికి మాకు మనసొప్పదు.

ఇదంతా పాశ్చాత్యుల పద్ధతి అనేవారికి ఒక్క పేరు గుర్తుచేస్తాం. మెదక్ జిల్లా కొల్చారం మనిషి మల్లినాథసూరి. కాళిదాసుకు వ్యాఖ్యానం మొదలుపెడుతూ, మూలంలో లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను అని ప్రతిన పూనాడు. ఊళ్ల చరిత్రలు చెప్పే కైఫియత్తుల్లో చాలాచోట్ల ఒక్కో వివరం ఏ ఊరి కరణం ఇచ్చాడో నమోదై ఉంది. తెలంగాణలో కవులే లేరన్న నిందకు జవాబుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచిక తెచ్చినప్పుడు 354 మంది కవులను పేరుపేరునా నిలబెట్టారు. పేరు చెప్పడమే అక్కడ వాదం. అటువంటి నేల మీద, ఊరూరా తిరిగిన ఒక బడిపంతులు పేరు ఎగిరిపోతే పురస్కారాల కమిటీకి పట్టలేదు.

ఎత్తిరాత ఎలా జరిగిందో రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చూశాం. మా వ్యాసకర్త "ఉంది" అన్నచోట గ్రంథంలో "కలదు" అని ఉంది. "చెప్పాడు" అన్నది "పేర్కొనియున్నారు" అయింది. "రాత్రంతా" అన్నది "రాత్రి యావత్తు" అయింది. వాడుక భాషకు గ్రాంథికం తొడిగితే సొంతమైపోతుందన్న ధీమా ఇది. వాక్యాల వరస మారలేదు, ఉదాహరణలు మారలేదు, చివరికి పేరాల విరుపు కూడా మారలేదు.

ఎత్తిరాతను పట్టే సాఫ్ట్‌వేర్ పరీక్ష నెగ్గింది కదా అని మరో సమాధానం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కానీ ఆ యంత్రం తన దగ్గరున్న పాఠంతోనే పోల్చగలదు. మన పాత పత్రికలు చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలు. నిన్నమొన్నటి దాకా అచ్చయినవి అను ఫాంట్లలో ఉన్నాయి. యూనికోడ్ కాని ఆ ఫైలు యంత్రానికి అర్థంలేని అక్షరాల గుట్ట. పాత భారతి పత్రిక సంచిక నుంచి పుటలకు పుటలు ఎత్తుకొచ్చినా శాతం సున్నా అని రావచ్చు. తెలుగు పరిశోధనకు పర్యవేక్షకుడి చదువే కాపలా. ఆయన చదవకపోతే ఇంకెవరూ పట్టుకోలేరు.

పేరు పోవడం ఒక్కటే నష్టమైతే ఇంత రాసేవాళ్లం కాదు. మల్లన్న పట్నం ముగ్గు వేసేటప్పుడు బియ్యప్పిండి, పసుపు, కుంకుమ, ఆకుపొడి ఏది ముందు ఏది వెనక పరుస్తారో ఒక పూజారి చెప్పిన క్రమాన్ని మా వ్యాసకర్త రాశారు. ఆ పూజారి పేరూ, ఊరూ ఇచ్చారు. ఇది ఆ ఒక్క ఊళ్లో చూసింది, పక్క మండలంలో వేరుగా చేస్తారని విన్నాను, వెళ్లి చూడాలి అని కూడా రాశారు. గ్రంథంలో ఈ రెండు జాగ్రత్తలూ లేవు. "కళాకారుల కథనం ప్రకారం తెలంగాణ అంతటా ఇదే ఆచారం కలదు" అని ఉంది. ఒక ఊరి మాట రాష్ట్రం మాటైపోయింది. రేపు మరో పరిశోధకుడు పురస్కారం వచ్చిన పుస్తకం కదా అని దీన్నే ప్రమాణంగా చూపిస్తాడు. ఆ తర్వాతివాడు అతన్ని చూపిస్తాడు. పక్క మండలం పట్నాన్ని వెళ్లి చూడాల్సిన పని ఇక ఎవరికీ కనిపించదు. ఆధారం చెప్పకపోవడం దొంగతనం మాత్రమే కాదు, అబద్ధాన్ని పుట్టించే పద్ధతి కూడా.

"కళాకారులు" అన్న ఆ బహువచనం మాకు మరీ కష్టంగా ఉంది. కథ చెప్పిన మనుషులకు పేర్లున్నాయి. పుస్తకం రాసినవాడికి పాదసూచిక ఇస్తాం, పుస్తకం రాయని కథకుడిని గుంపులో కలిపేస్తాం. జానపద పరిశోధనలో వాళ్లే మొదటి ఆకరాలు. మౌఖిక ఆధారానికి కూడా పేరు, ఊరు, విన్న తేదీ, సందర్భం ఇవ్వడం పరిశోధకుడి కనీస ధర్మం.

గడువుల ఒత్తిడి, ఫెలోషిప్పుల ఆలస్యం, గ్రంథాలయాల దుస్థితి నిజమేనని మేమూ ఎరుగుదుం. అయితే పేరు రాయడానికి పట్టేది ఒక్క వాక్యం.

ఆ గ్రంథం రెండో ముద్రణకు వెళ్తోందని తెలిసింది. మూడో అధ్యాయంలో ఏ పేరా మా ఏ సంచికలో ఏ పుటలోదో పట్టిక తయారుచేసి, కథకుల పేర్లూ ఊళ్లతో సహా ప్రచురణకర్తలకూ పురస్కార కమిటీకీ పంపాం. వాక్యాల్లోనే ఆ పేర్లు చేర్చాలని, అమ్ముడుపోని ప్రతుల్లో సవరణ పత్రం అతికించాలని కోరాం. పట్టిక కావాలన్న పరిశోధక విద్యార్థులకు కూడా పంపుతాం. వచ్చే నెల నుంచి మా పత్రికకు వచ్చే పరిశోధన వ్యాసాల్లో వాడుకున్న ప్రతి మాటకూ అక్కడికక్కడే ఆధారం ఉండాలి. చివర జాబితా మాత్రమే ఉన్న వ్యాసాలను తిప్పి పంపుతాం.