మూడు భాషల తల్లికొండ

బిడ్డకు దేవునిపేరు మొదట చెప్పునది తల్లి. ఆ పేరు ఏ భాషలో చెప్పవలెనో తల్లికి వేఱొకరు బోధింప నక్కఱలేదని మనమందఱము నమ్మియున్నాము. కాని ఐరోపాఖండమున, ఆల్ప్స్ పర్వతములలో, ఒక కొండక్రింది పల్లెల తల్లులకు ఆపాటి స్వాతంత్ర్యమైనను నిలుపుకొనుట కొంతకాలము కష్టమయ్యెను. ఆ కొండను గూర్చియు, దాని శిఖరమున నున్న మరియమాత దేవాలయమును గూర్చియు ఈ మాసము ముచ్చటింతము.

ఇటలీదేశపు ఈశాన్యమూల, ఆస్ట్రియా, స్లొవేనియా సరిహద్దులకు చేరువగా తార్విజియో యను పట్టణము కలదు. దాని చెంతనున్న కాంపొరోస్సో యను పల్లెకు పైన 1,789 మీటరుల యెత్తుగల లుస్సారి కొండ నిలిచియున్నది. ఇటలీవారు దానిని మోంటె లుస్సారి యందురు. స్లొవీనులు స్వేతె విషార్యె యందురు. జర్మనుభాషవారు లుషారిబెర్గ్ అందురు. కొండ యొక్కటే, మ్రొక్కు నొక్కటే, పిలుపులు మాత్రము మూడు.

స్థలైతిహ్యము మిక్కిలి మనోహరమైనది. 1360వ సంవత్సరమున కాంపొరోస్సో గొఱ్ఱెలకాపరి యొకడు తప్పిపోయిన తన మందను వెదకికొనుచు శిఖరమున కేగెనట. అచట గొఱ్ఱెలన్నియు నొక పొదచుట్టు మోకరిల్లి యుండెనట. పొద నడుమ బాలయేసు నెత్తుకొన్న మరియమాత ప్రతిమ కానవచ్చెను. వాడు దానిని కొనివచ్చి గ్రామమందలి మతగురువున కప్పగించెను. తెల్లవారుసరికి ప్రతిమ మరల కొండపైననే యుండెను. ఇట్లు ముమ్మాఱు జరుగగా, అక్విలేయా పీఠాధిపతి యాలకించి, అచటనే గుడి కట్టుడని యాజ్ఞాపించెనట. తల్లి తన నెలవు తానే కోరుకొనుట మన స్థలపురాణములు చదివినవారికి వింత గాదు.

కాంపొరోస్సోనుండి యాత్రికుల కాలిదారి యొకటి కలదు. ఇంచుమించు వేయి మీటరుల యెక్కుడు. బాగుగ నడచువారికిని రెండున్నర గంటలకు తక్కువ పట్టదు. త్రోవ నిటారైనది. ఇరుప్రక్కల బీచి చెట్లును, స్ప్రూస్ అను దేవదారుజాతి చెట్లును దట్టముగ పెరిగియుండును. ఈ ప్రాంతపు స్ప్రూస్ మ్రాను ఫిడేలు చేయువారికి ప్రీతిపాత్రము. చల్లని కొండలలో మెల్లమెల్లగ నెదిగినందున దాని చారలు సన్నముగను సమముగను నుండి, నాదము చక్కగ పలుకును. నెమ్మదిగ పెరిగినదే నిండుగ పలుకునని బిడ్డల పెంచు మనకు వేఱుగ చెప్పనేల?

పైకి పోయినకొలది యడవి పలుచనై పచ్చికబయళ్లు వచ్చును. అటుపిమ్మట మాంగార్త్, మొంతాజియో మొదలగు రాతిశిఖరములు ఒక్కసారిగ కన్నులకు గట్టును. శిఖరమున దేవాలయమును, దాని నానుకొని కొన్ని యిండ్లును సత్రములును, పక్షిగూటివలె నొదిగియుండును. ఇప్పుడు తీగెలపై నడచు పెట్టెలబండి యాత్రికులను కొద్ది నిమిషములలోనే మీదికి చేర్చుచున్నది. ముసలివారికిని చంటిబిడ్డల తల్లులకును అది గొప్ప మేలు. అయినను కాలినడకను మ్రొక్కుబడిగ నెంచి యెక్కువారు నేటికిని కలరు.

ఇంత ప్రశాంతమైన చోటునకును యుద్ధజ్వాల తప్పలేదు. అప్పటి కీ లోయ ఆస్ట్రియా యేలుబడిలో నుండెను. 1915లో ఇటలీ ఆస్ట్రియాపై యుద్ధము ప్రకటింపగా, ఫిరంగిగుండ్లచే దేవాలయము దగ్ధమయ్యెను. యుద్ధానంతరము 1919 నాటి సంధిచే లోయ ఇటలీకి చెందెను. 1925 నాటికి దేవాలయము మరల లేచినది.

గుడి లేచినది గాని యిండ్లలో క్రొత్త చిక్కు పుట్టినది. 1923 మొదలుకొని ముస్సోలినీ ప్రభుత్వము పాఠశాలలలో ఇటాలియనుభాష నొక్కదానినే నిలిపి, తక్కిన భాషల బోధనను క్రమముగ తొలగించెను. ఇంట స్లొవీనుభాషయో జర్మనుభాషయో మాటలాడు పసివాడు బడిలో నోరు మెదపిన తప్పయ్యెను. మా యింటివారు బడిపంతులగుటచే మే మొక్కటి యెఱుగుదుము: తల్లి నేర్పిన మాటకు పంతులు నవ్విన దినమున బిడ్డ యింటికి వచ్చి తల్లి ముఖము వేఱువిధముగ చూచును. ఆ చూపును భరించుట యే తల్లికిని సులభము గాదు. అట్టి కాలముననే, 1930లో, స్లొవీను చిత్రకారుడైన తోనె క్రాల్ ఈ కొండమీది దేవాలయపు గోడలను తన చిత్రములతో నలంకరించెను.

1939లో మఱియొక దెబ్బ తగిలెను. హిట్లరు, ముస్సోలినీ ప్రభుత్వములు చేసికొన్న యొడంబడిక ననుసరించి, జర్మనుభాషవారు జర్మనీరాజ్యమునకు తరలిపోవుటయో, ఇటలీవారుగ నిలిచిపోవుటయో, రెంటిలో నొకటి కోరుకొనవలసి వచ్చెను. భాష కావలెనన్న నిల్లు విడువవలెను. ఇల్లు కావలెనన్న భాషపై నాస వదలుకొనవలెను. ఈ లోయలో పెక్కు కుటుంబములవారు తరతరముల యిండ్లను విడిచి పోయిరి. దేనిని మూటగట్టవలెను, దేనిని విడువవలెనని గుమ్మమున నిలిచి తలపోసిన యిల్లాండ్ర మనస్సు మనము గ్రహింపగలము.

ఆ ప్రభుత్వములు రెండును కూలిపోయినవి. కొండ నిలిచియున్నది. నేడా దేవాలయమున ఇటాలియను, జర్మను, స్లొవీనుభాషలలోను, ఆ సీమ పలుకైన ఫ్రియూలీలోను ప్రార్థనలు జరుగుచున్నవి. 2023 మే నెలలో ఇటలీవారి ప్రసిద్ధమైన సైకిలు పందెపు ఘట్ట మొకటి ఈ కొండమీదనే ముగిసెను. స్లొవేనియావాడగు ప్రిమోజ్ రోగ్లిచ్ నడుమ సైకిలు గొలుసు జారి దిగవలసి వచ్చినను, మరల నెక్కి గెలిచెను. త్రోవకిరువైపుల నిలిచిన వేలకొలది స్లొవీనులు తమ భాషలోనే యెలుగెత్తి వానిని ప్రోత్సహించిరి. ఒకనాడు బడిలో వెలియైన భాష ఆనాడు కొండయంతట మాఱుమ్రోగెను.

సోదరీమణులారా, మన బిడ్డలు బడిలో ఏ భాష చదివినను చదువుదురు గాక, దానిని మనము ద్వేషింపరాదు. పొరుగువారి భాషను నేర్చినవాడు పొరుగువాని నొప్పిని గూడ నేర్చును. కాని సంధ్యవేళ దీపము పెట్టునపుడు బిడ్డచే పలికించు నాలుగు మాటలు మాత్రము మన యమ్మ మనకు నేర్పిన మాటలే కావలెను. ఆ పని ప్రభుత్వములు చేయజాలవు, పంతుళ్లు చేయజాలరు. అది మన చేతిలోనిది.