బొబ్బిలి పౌరుషం చాలు, చందుర్తి ఆడించండి

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల జనం బిలాస్‌పూర్ రైల్వే కాలనీలకి తరలివస్తూనే ఉన్నారు. సెలవులకి ఊరెళ్తుంటే బండి రాయపూర్ దాటి, రాయగడ దాటి బొబ్బిలి చేరుతుంది. కిటికీలోంచి పిల్లలకి ఊరు చూపించి బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి కథ చెప్తాం. రొమ్ము విరుచుకుంటాం. అక్కడితో సరి. నా కోపమంతా ఆ సరిపెట్టుకోవడం మీదే.

1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో కలిసి దాని మీదికొచ్చింది విజయనగరం పూసపాటి విజయరామరాజు. రెండేళ్లు తిరక్కుండానే ఆయన వారసుడు ఆనంద గజపతి ఫ్రెంచివాళ్లని వదిలేసి ఇంగ్లీషువాళ్లని పిలిచాడు. బెంగాల్ నుంచి క్లైవ్ కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సైన్యం చిత్తయింది. ప్లాసీ సంవత్సరం గడగడా అప్పజెప్పే పిల్లాణ్ని చందుర్తి గురించి అడగండి, తెల్లమొహం వేస్తాడు. తప్పు వాడిది కాదు, మనది.

అందుకే ఆ యుద్ధాన్ని బల్ల మీద పరిచి ఆడించమంటున్నాను. వెడల్పాటి బల్ల, వేలెడంత రంగు బొమ్మలు, పైరుకి కొబ్బరిపీచు, రెండు పాచికలు, దర్జీ టేపు చాలు. పటాలం నడకా, తుపాకీ అందే దూరమూ టేపుతో కొలవాలి. నిలిచిందెవరో పారిపోయిందెవరో పాచిక తేలుస్తుంది. 1824లోనే ప్రష్యా సైన్యం తన ఆఫీసర్లకి ఇలాంటి ఆటతో యుద్ధవిద్య నేర్పడం మొదలుపెట్టింది. చదరంగం పుట్టిన నేల మీద మన పెద్దలు దీన్ని పిల్లలాట అని మూతి విరుస్తున్నారు! చచ్చినవాళ్లతో ఆటలా అనేవాళ్లూ ఉన్నారు. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’ సినిమాకి వెళ్లి ఈలలు వేసినప్పుడు ఈ అభ్యంతరం ఎటు పోయింది?

ఒక్కసారి ఫ్రెంచి పక్షాన కూర్చోండి. ఎదురుగా ఎర్రకోట్లు కనిపిస్తాయి. వాళ్లే ఇంగ్లీషు సోల్జర్లనుకుని మీ పటాలాన్ని వాళ్ల మీదికి తోలతారు. నిజానికి వాళ్లు ఈస్టిండియా కంపెనీ దేశీ సిపాయిలు. వాళ్లు చెదిరిపోతారు, మీరు తరుముతారు, మీ వరస తెగిపోతుంది. అంతవరకూ ఎత్తైన పైరు చాటున కనబడకుండా ఉన్న అసలు ఇంగ్లీషు పటాలం అప్పుడు మీ పక్కలోకి గుళ్లు కురిపిస్తుంది. చందుర్తిలో జరిగింది ఇదే. ఫ్రెంచివాళ్లకి ఆ రోజు ధైర్యం తక్కువ కాలేదు, చూపు తప్పింది. ఏ హరికథా, ఏ పాఠ్యపుస్తకమూ ఈ సంగతిని పదేళ్ల పిల్లాడి చేతివేళ్లకి ఇంత బాగా ఎక్కించలేదు.

ఇక ఇంగ్లీషువాళ్లని పిలిచిన ఆనంద గజపతి రాజుగారి బలగాన్ని ఎక్కడ నిలబెట్టాలని పిల్లలు అడుగుతారు. ఆ రోజు వాళ్లు పోరాడింది అంతంతమాత్రమేనని చెప్పండి. మరి గెలిచిందెవరు? 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. 1766 ఒప్పందంతో నిజాం ఉత్తర సర్కారులనే ఈ తీరప్రాంతాన్ని కంపెనీకి వదులుకున్నాడు. 1794 జులై 10న పద్మనాభంలో అదే పూసపాటి వంశపు చిన విజయరామరాజు అదే కంపెనీ సైన్యంతో పోరాడి నేలకొరిగాడు. కంపెనీని గుమ్మంలోకి పిలిచిన ఇల్లే కంపెనీకి బలైంది. పౌరుషం పేరు చెప్పుకుని ఈ లెక్కని ఎన్నాళ్లు దాస్తాం?

తెలుగు సంఘాల పెద్దలకి నాదొకటే మనవి. ఈ సంక్రాంతికి తంబోలా ఆడించే హాల్లో ఒక మూల ఒక్క బల్ల ఇవ్వండి. చందుర్తి పరవండి. మీరూ కూర్చోండి.